నలభై దినాల కట్టడి

పోయిన నెల మా చెల్లెలి అల్లుడు బెంగుళూరు నుంచి వచ్చి, మధ్యాహ్నం భోజనమయ్యాక మంచం మీద కాళ్ళు చాపుకుని, నాకు గంటసేపు ఒక ఆట గురించి పాఠం చెప్పాడు. కంప్యూటర్లలో ఉద్యోగం అతనిది. ఆ ఆటలో బొమ్మలుండవట, తెర మీద ఉత్త అక్షరాలేనట. ఎక్కడెక్కడివాళ్ళో ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, లేని రాజ్యంలో లేని దేవుళ్ళను పెట్టుకుని, ఒక మతంవాళ్ళు ఇంకో మతం మీద యుద్ధానికి పోతారట, అంతా రాతలోనే. ఎప్పుడో పరాయి దేశపు కాలేజీ కుర్రాళ్ళు కనిపెట్టారట. చివర్లో నా మొహం చూసి, "మీకు ఇది అర్థం కావడం కష్టంలే మామా" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నాకు కోపం రావడం వార్త కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు గనుక ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఆ ఆటను హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో పోస్టు కార్డుల మీద మూడేళ్ళు ఆడినవాణ్ణి నేను. టీవీ అన్నది మా ఊరికి ఇంకా రాని రోజులవి. ఆడానని అతనికి గర్వంగా చెప్పబోయి, ఎలా ఆడానో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. మూసుకున్న నోటికి బదులుగా ఇది రాస్తున్నాను.

ముందు నా గురించి చెప్పాలి, లేకపోతే నా పతనం ఎంత ఎత్తునుంచో తెలియదు. ఐదో తరగతితో నా చదువు అయిపోయింది. హిందూపురం బెల్లం మండీలో సరుకు చూసే పని నాది. పల్లెల నుంచి బెల్లం బండ్లు రాగానే ప్రతి మూటలోనూ ఒక అచ్చు మూల విరిచి నాలుక మీద వేసుకుని, ఇది చౌడు నేల చెరుకు, ఉప్పు తగులుతోంది, ఇది పాకం మాడింది, ఇది బాగుంది అని చెప్పాలి. సాయంత్రానికి నా చొక్కా, నా జుట్టు, నేను తీసుకొచ్చిన గ్రంథాలయం పుస్తకం, అన్నీ బెల్లం వాసనే. పుస్తకాల మీద చీమలు పట్టిస్తున్నానని లైబ్రేరియన్ రెండుసార్లు మందలించాడు. ఆ చీమల మధ్యనే నేను ప్రపంచమంతా చదివాను. చదివినవాటిలో హేతువాదం నాకు బాగా పట్టుకుంది. మతాలన్నీ మనుషులు అల్లిన కట్టుకథలని బస్సులో పక్క సీటువాడికి, క్షౌరం చేసేవాడికి, గడ్డం సగం గీయించుకుని పారిపోలేనివాడికి, అందరికీ చెప్పేవాణ్ణి. ఇరవై ఏడేళ్ళు, పెళ్ళి కాలేదు. ఇంట్లో మా అవ్వ, నేను; చెల్లెలు చిన్నప్పటి నుంచీ మేనత్త ఇంట్లోనే పెరిగింది. వినేవాళ్ళు బయట కావాల్సి వచ్చేది.

అలా నేను పెనుకొండ ఉరుసులో ఒక టీ కొట్టు దగ్గర ఇద్దరికి మతాల పుట్టుక వివరిస్తున్నాను. ఒకరు బాషా, ఆ ఊళ్ళోనే ఆడవాళ్ళ రవికలు కుట్టే దర్జీ, నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. ఇంకొకరు కుళ్ళాయప్ప, ధర్మవరంలో పట్టుచీరలు నేసే నడివయసు మనిషి, తల్లి మొక్కు తీర్చడానికి వచ్చినవాడు. కుళ్ళాయప్ప ఏమీ మాట్లాడకుండా టీ చల్లార్చుకుంటున్నాడు. బాషా నా ఉపన్యాసమంతా మర్యాదగా విని, చివర్లో అడిగాడు: "మనుషులు చేసిందేనంటాండావు గదన్నా. అయితే నువ్వొకటి చెయ్యి చూద్దాం. దానికి ఒక మనిషినన్నా నిలబెట్టు." వారంలో చేసి పంపిస్తానన్నాను. తానూ ఒకటి చేస్తానన్నాడు. కుళ్ళాయప్ప గ్లాసు కింద పెట్టి, రెండూ కొట్టుకుంటే ఎవరు గెలిచారో తాను చెబుతానన్నాడు. ఆట అక్కడ పుట్టింది. కాలేజీ కాదు, టీ కొట్టు.

కుళ్ళాయప్ప చీర అంచుల డిజైన్లు గీసే గళ్ళ కాగితం మీద ఒక దేశం పటం గీశాడు. కొండలు, బావులు, ఏడు బురుజులు, ఎవరూ దాటని ఒక ఇసుక ఏరు. మూడు కాపీలు తీసి తలా ఒకటి పంపాడు. నా మతం పేరు నిప్పుకన్ను. బాషా మతం పేరు సూదిబెజ్జం, ఆ బెజ్జంలోంచి చూసేవాడికి అబద్ధం కనపడుతుందట. బుక్కపట్నం నుంచి ఒక పంతులు చేపల మతంతోనూ, పరిగి నుంచి ఒక రైతు మబ్బు మతంతోనూ చేరారు గానీ, ఒకరికి బదిలీ, ఒకరికి శెనక్కాయల కోత వచ్చి మొదటి ఏడాదే జారుకున్నారు. బాషా మొదట్లోనే ఒక షరతు పెట్టాడు. నిజం దేవుళ్ళ పేర్లు ఎవరూ ఎత్తకూడదు, ఆట దేవుళ్ళకు ఎవరూ దండం పెట్టకూడదు. "చదరంగంలో రాజుకు పన్ను కడతామా? అట్లనే" అని రాశాడు. మిగతా నిబంధనలన్నీ నేను రాశాను. పాత కాగితాల అంగట్లో దొరికిన ఒక చట్టాల పుస్తకం చదివిన వేడి మీద ఉన్నాను అప్పుడు. సెక్షన్లు, ఉపసెక్షన్లతో పద్దెనిమిది పేజీలు. కుళ్ళాయప్ప దాన్ని పొగిడాడు, మగ్గం గుంతలో కాళ్ళ కింద పరుచుకుంటే చలి ఆగుతోందని.

వారానికి ఒక ఎత్తు. నేనూ బాషా ఎవరి కార్డు వాళ్ళు కుళ్ళాయప్పకు రాస్తాం, ఆయన గవ్వలు వేసి ఫలితం ఇద్దరికీ రాస్తాడు. నా కార్డులు చదివితే మీకు జాలి వేస్తుంది. "నిప్పుకన్ను మహాపూజారి జ్వాలాముఖుడు పన్నెండుమంది శిష్యులతో వేయిమెట్ల బావిని సమీపించి, కనురెప్ప మంత్రం జపించి, శత్రు సైన్యమును భస్మీపటలము గావించుచున్నాడు" అని చిన్న అక్షరాలతో చిరునామా మీదికి కూడా పాకించేవాణ్ణి. దానికి కుళ్ళాయప్ప జవాబు ఇలా ఉండేది: "గవ్వలు మూడు పడినాయి. మీ పూజారి మెట్టు జారి బావిలో పడినాడు. ఈత వచ్చో రాదో వచ్చే కార్డులో తెలుపగలరు." కార్డు బహిరంగం గనుక మా వీధి పోస్టుమాన్ చదివేసి, ఇచ్చేటప్పుడు గంభీరంగా మొహం పెట్టి, మీ అయ్యోరు తేలినాడా మునిగినాడా అని అడిగేవాడు. నేను ఆయనకు కూడా వివరంగా చెప్పేవాణ్ణి. అందులో హాస్యముందని ఆయన రిటైరయ్యాక గానీ నాకు తట్టలేదు.

అసలు చిక్కు కట్టడి దగ్గర వచ్చింది. ఏ మతానికి ఎంత బలముందో ఎలా కొలవాలి అని తర్జనభర్జన పడుతుంటే, కుళ్ళాయప్ప రాశాడు, మతమన్నాక ఏదో ఒక కట్టడి ఉంటుంది కదా, తలా ఒక నియమం పెట్టుకుని నిజంగానే పాటించండి, తప్పకుండా ఎన్ని దినాలు పాటిస్తే అంత బలం అని. ఎవరు చూడొచ్చారు? ఎవరూ చూడరు. ఎవరి లెక్క వాళ్ళే కార్డులో రాయాలి. ఆ ముక్క మా ముగ్గురికీ ఎంత సహజంగా అనిపించిందంటే, దొంగ లెక్క రాస్తే ఎలా అని ఒక్కరమూ అడగలేదు. పద్దెనిమిది పేజీల చట్టంలో లెక్కను సరిచూసే దారి గురించి ఒక వాక్యం కూడా లేదు. బాషా బీడీలు మానేస్తానని రాశాడు. నేను బెల్లం మానేస్తానని రాశాను. బెల్లం మండీలో పనిచేస్తూ బెల్లం మానడం! నా వైరాగ్యానికి నాకే ఒళ్ళు జలదరించింది.

మా అవ్వ పొద్దున్నే కాఫీ బెల్లంతోనే కాచేది. చక్కెరను ఎముకల మసితో తెల్లబరుస్తారని ఎవరో చెబితే నమ్మి దాన్ని గడప దాటనిచ్చేది కాదు. కట్టెల పొయ్యి మీద ఇత్తడి చెంబులో కాఫీ పొంగే ముందు బెల్లం ముక్క వేసి, ఆ ముక్క విరిచిన వేలిని నోట్లో పెట్టుకోవడం ఆమె పొద్దుటి మొదటి పని. పొగ, బెల్లం, కాఫీపొడి కలిసిన ఆ వాసనతో నేను లేచేవాణ్ణి. మొదటి రోజు నేను చేదు కాఫీ అడిగేసరికి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు. "ఏ దేవునికి మొక్కుకున్యావు నాయనా?" అని మెల్లగా అడిగింది. ఏమని చెప్పను? నేను సృష్టించిన దేవుడికని చెప్పనా? తల కిందికి వేసుకున్నాను. ఆమె దాన్ని భక్తి అనుకుంది. ఇన్నేళ్ళకు మా వానికి బుద్ధొచ్చిందని వీధంతా చెప్పి వచ్చింది. పైగా, మొక్కున్న మనిషి ఎదురుగా తాను తియ్యగా తాగితే పాపమని తానూ చేదు కాఫీ తాగడం మొదలుపెట్టింది. మొహం చిట్లించుకుని ఒక్కో గుక్కా మింగేది. ఆ ఏడాది ఉగాదికి మా ఇంట్లో బెల్లం పూర్ణం ఓళిగలు చేయలేదు. ఎదురింటివాళ్ళు పంపితే వాకిట్లోంచే తిప్పి పంపింది.

నేను మాత్రం మండీలో తింటున్నాను. మొదట శెనగ్గింజంత. రుచి చూడటం ఉద్యోగం, అది తినడం కిందికి రాదని నాకు నేనే ఒక ఉపసెక్షన్ రాసుకున్నాను. రుచి చూసి ఉమ్మేయవచ్చు కదా అంటే, మింగితే గానీ గొంతులో మాడు తెలియదని ఇంకో ఉపసెక్షన్. నెల తిరిగేసరికి శెనగ్గింజ చింతగింజ అయింది, చింతగింజ నిమ్మకాయ అయింది. సరుకు బాగా లేని మూటలను ఒకసారి, బాగున్న మూటలను రెండుసార్లు చూసేవాణ్ణి. చేతులు కడుక్కుని ఇంటికి పోయి, అవ్వ ఎదురుగా కూర్చుని చేదు కాఫీ తాగి, కార్డు తీసి రాసేవాణ్ణి: "కట్టడి తప్పలేదు." దేవుడు లేడని ఊరంతా చాటినవాణ్ణి, నేనే చేసిన దేవుణ్ణి నేనే మోసం చేస్తున్నానని నాకు నవ్వు కూడా వచ్చేది. లేని దేవుడికి అన్యాయం ఎలా జరుగుతుంది, చెప్పండి. ఇంత పకడ్బందీ వాదం నేను మళ్ళీ ఎన్నడూ చేయలేదు.

వేయిమెట్ల బావి కోసం చివరి యుద్ధం మొత్తం బలం లెక్క మీద తేలాల్సి వచ్చింది. ఇద్దరికీ వంద దినాలు నిండాయి. నేను వంద అని రాశాను. బాషా తొంభై ఎనిమిది అని రాశాడు. కూతురికి జ్వరం వచ్చిన రోజు ఒకటి, మిషన్ పట్టీ తెగిన రోజు ఒకటి, రెండు బీడీలు తాగాడట. అవి కూడా ఎందుకు తాగాడో వివరంగా రాశాడు. బావి నాదయింది. నిబంధనల ప్రకారం గెలిచిన మతం ఓడిన మతం మీద నలభై దినాల కట్టడి ఒకటి వేయవచ్చు. వేసినదాన్ని వేసినవాడు కూడా వెనక్కి తీసుకోలేడు, గెలుపే అబద్ధమని తేలితే తప్ప. ఆ వాక్యం నాదే, చట్టాల పుస్తకం వేడిలో రాసిందే. ఏం వేయాలా అని రెండు రోజులు ఆలోచించి, నిప్పుకు ఎరుపు పవిత్రం గనుక ఒక కవితాత్మకమైన కట్టడి రాశాను: "సూదిబెజ్జం అనుయాయి నలభై దినాలు ఎర్ర గుడ్డ మీద కత్తెర వేయరాదు." ఎంత అందంగా వచ్చిందో అని కార్డును దూరంగా పట్టుకుని చూసుకున్నాను కూడా. పెళ్ళి కాని మగవాడికి, అవ్వ తెల్ల చీర తప్ప ఆడవాళ్ళ బట్టలు చూడనివాడికి, అవి పెళ్ళిళ్ళ నెలలని, పెళ్ళి రవికల్లో సగం ఎరుపేనని ఎక్కడ తడుతుంది?

మూడు వారాలకు మండీ పని మీద పెనుకొండ పోయి, విజేతగా బాషాను పలకరిద్దామని అంగడికి పోయాను. అంగట్లో మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. బాషా ఒక మూల కూర్చుని పాత దుప్పటికి అంచు కుడుతున్నాడు. అతని భార్య మాబున్ని కాజాలు తీయడం ఆపి లేచి, నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. పెళ్ళిళ్ళ గుడ్డలన్నీ తిరిగి పోతున్నాయట. ఇరవై రెండు దినాల నుంచి ఈయన ఎర్ర గుడ్డ ముట్టడం లేదట, ఎందుకో చెప్పడట. ఎగువ వీధి పెద్దింటివాళ్ళు ఇద్దరు కూతుళ్ళ పెళ్ళి రవికలు తెచ్చి పెట్టిపోయారు, గురువారం లోపల కత్తెర పడకపోతే బస్టాండు దగ్గరి దర్జీకి ఇస్తామన్నారు. ఆ ఇల్లు ఎటు పోతే వీధి మొత్తం అటే పోతుంది, ఇంక ఎన్నటికీ తిరిగి రాదు. అంతా చెప్పి, "నువ్వు చదువుకున్నోనివి అన్నా. నువ్వు జెప్తే ఇంటాడు" అంది. ఐదో తరగతి మనిషిని చదువుకున్నవాడని నా జీవితంలో మొదటిసారి ఒకరు అన్నారు. అనడానికి ఆ రోజే దొరికింది.

నేను పెద్దరికంగా వెళ్ళి బాషా పక్కన కూర్చుని, ఆ కట్టడి ఎత్తేశాను పో, కుట్టుకో అన్నాను. అతను దారం కొరికి నా వైపు చూశాడు.

"నువ్వెత్తేసేకి కాదన్నా. నువ్వు రాసిందే గదా రూలు."

"నేనే రాసినా, నేనే కొట్టేస్తాండా. ఆటకు అంగడి మూసుకుంటావా?"

"ఆట కోసరం కాదు."

"మరి ఏంటికి? సూదిబెజ్జం దేవుడు కళ్ళు పోగొడతాడనా?"

అతను నవ్వాడు. "దేవునిదేముందన్నా, ఆ దేవుణ్ణి చేసింది నేనే గదా. మాట రాసిచ్చినా గదా నీకు, కార్డు మీద. ఇంక పద్దెనిమిది దినాలే. అయిపోతాది."

పద్దెనిమిది దినాలు, గురువారానికి మూడు దినాలు. నేను అక్కడే చెప్పేసి ఉండవచ్చు. నాలుక మీదికి వచ్చింది కూడా. మాబున్ని చూస్తోంది, వీధిలో మనుషులు పోతున్నారు, అక్కడి కన్నా ధర్మవరం పోయి మధ్యస్థుణ్ణి అడిగితే చట్టంలో ఏదన్నా సందు దొరుకుతుందని రైలెక్కాను. పిరికితనానికి టిక్కెట్టు కొనుక్కుని పోవడమంటే అదే.

కుళ్ళాయప్ప మగ్గం మీద ఉన్నాడు. గుంతలో కాళ్ళు, ఒళ్ళో పచ్చ చీర, పోగు మోసే నాడె అటూ ఇటూ పరుగెడుతోంది. నేను చెప్పిందంతా నాడె ఆపకుండానే విన్నాడు. సందు ఏమన్నా ఉందా అంటే, ఉందన్నాడు, ఆఖరి వాక్యం. "గెలుపు అబద్ధమయితే కట్టడి ల్యాదు. ఎవురన్నా లెక్క తప్పు రాసినారేమబ్బా?" అన్నాడు, పోగు వంకే చూస్తూ. నాడె పదిసార్లు అటూ ఇటూ పోయింది. బెల్లం తిన్నానని చెప్పాను. ఎన్నాళ్ళు అన్నాడు. అన్నాళ్ళూ అన్నాను. అప్పుడు ఆపాడు నాడె. నవ్వుతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. అదేమీ లేదు. నాతో చెబితే చెల్లదు, లెక్క కార్డు మీద రాసింది గనుక తప్పు కూడా కార్డు మీదే రాయాలి, ఇద్దరికీ రాయాలి అన్నాడు. గూట్లోంచి రెండు కార్డులు తీసి ఇచ్చాడు. పోస్టులో వేస్తే గురువారానికి చేరదు, పట్టుకుపోవాలి. రాయడానికి కూర్చుంటే, పూజారులను బావుల్లోకి దింపి మేఘాలను రగిలించిన నా శైలిలో ఒక్క ముక్క రాలేదు. "నేను వంద దినాలూ బెల్లం తిన్నాను. తినలేదని రాసినాను" అని రెండు వాక్యాలు రాశాను. నా జీవితంలో నేను రాసినవాటిలో కత్తిరించడానికి ఏమీ లేనిది అదొక్కటే.

ఇప్పటి మనుషుల ముందు ఆ మాట చెబితే ఏమంటారో నాకు తెలుసు. ఆటలో మోసం చేయడం ఆటలో భాగమే అంటారు. మా చెల్లెలి అల్లుడు చెప్పాడు, ఆ అక్షరాల ఆటలో మోసగాళ్ళను పట్టుకోవడానికి కంప్యూటరే ప్రతి అడుగూ లెక్క పెడుతుందట, ఎవరి మాటా నమ్మదట. మంచిదే. నాలాంటివాళ్ళ కోసమే పెట్టి ఉంటారు. మా ఆటకు లెక్క పెట్టేవాడు లేడు. దేవుణ్ణి నమ్మేవాళ్ళు ఇద్దరు, నమ్మనివాణ్ణి నేను. మనిషి మాటను మాత్రం ముగ్గురం నమ్మాలని ఒప్పందం. నేను ఎప్పుడూ ఉపన్యాసాల్లో చెప్పేది కూడా అదే కదా, దేవుడు కాదు, మనిషి ముఖ్యమని. చెప్పడానికి బాగుండేది.

మరునాడు పొద్దున పెనుకొండలో దిగేసరికి బాషా అంగట్లో పెద్దింటి ఆవిడ కూర్చుని ఉంది, గురువారం దాకా ఎందుకు, ఇస్తావా ఇవ్వవా అని అడగడానికి వచ్చినట్టుంది. నేను కార్డు చాచాను. పోస్టుమాన్ పనికి కూడా దిగావా అన్నట్టు చూసి అందుకున్నాడు. చదివాడు. రెండు వాక్యాలకు ఎంతసేపు పడుతుంది? చాలాసేపు పట్టింది. తర్వాత కార్డును మడవకుండా మిషన్ సొరుగులో పెట్టి, గుడ్డ కింద నుంచి ఎర్ర పట్టు ముక్క తీసి, బల్ల మీద పరిచి, సుద్దముక్కతో గీత గీసి, "రేపు మాపుకు అయిపోతాయమ్మా" అన్నాడు. కత్తెర పడింది. మాబున్ని నా వైపు కృతజ్ఞతగా చూసింది. నేనేదో మంచి మాట చెప్పి భర్తను ఒప్పించాననుకుంది. ఆ చూపు నేను భరించలేకపోయాను.

పెద్దింటావిడ పోయాక, నేను నిలబడే అన్నాను. బావి నీదే, గెలిచింది నువ్వు, ఇప్పుడు నా మీద నలభై దినాల కట్టడి వేసే హక్కు నీకుంది, ఎంత కఠినమైనదైనా వెయ్యి, చేస్తాను అన్నాను. నిజంగానే చేసేవాణ్ణి. చెప్పులు లేకుండా హిందూపురం నడిచిపొమ్మంటే పోయేవాణ్ణి.

బాషా కత్తెర ఆపలేదు. కోపం లేదు అతని గొంతులో, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. "వద్దులేన్నా" అన్నాడు. "నీకు వేసి ఏం జేసేది?"

ఆట ఇంకో ఏడాది సాగింది. స్నేహం అతను పోయేదాకా సాగింది. మా అవ్వ చనిపోతే మొదట వచ్చినవాడు అతనే. నా పెళ్ళికి మా ఆవిడ రవికలు, నా కూతుళ్ళ పెళ్ళి రవికలు అతనే కుట్టాడు. కలిసిన ప్రతిసారీ అడిగేవాణ్ణి, ఇప్పుడైనా వెయ్యి బాషా, నలభై కాకపోతే నాలుగు దినాలు వెయ్యి అని. నవ్వి టీ చెప్పేవాడు. రెండేళ్ళయింది అతను పోయి. ఊళ్ళో అందరి మీదా నాకున్న కోపాలు ఒక్కొక్కటే చల్లారుతున్నాయి గానీ, ఆ కట్టడి వేయకుండా పోయాడని అతని మీద ఉన్నది మాత్రం చల్లారలేదు.